ఇంటి నుంచే పని... నేర్పేవారెవరు?

న్యూఢిల్లీ: రాజధానిలో కాలుష్యం హద్దు మీరిన రోజుల్లో ఇంటి నుంచి పని అన్న మాట మళ్లీ వినవస్తుంది. 2024 నవంబరు 18న జాతీయ రాజధాని ప్రాంతంలో నాలుగో దశ ఆంక్షలు అమలులోకి వచ్చాయి. రెండు రోజుల అనంతరం, తన కార్యాలయాల సిబ్బందిలో సగం మంది ఇళ్ల నుంచే విధులు నిర్వర్తించాలని ఢిల్లీ ప్రభుత్వం నిర్ణయించింది. 2020 లాక్‌డౌన్ కాలం నుంచి ఈ పద్ధతికి అలవాటు పడిన గురుగ్రామ్, నోయిడాలలోని ప్రైవేటు సంస్థలకు ఇది కష్టమేమీ కాదు. పని ఆగదు. పని నేర్చుకోవడం మాటేమిటన్నదే ప్రశ్న.

నిజానికి ఇక్కడి కాల్ సెంటర్ల పరిశ్రమ దూరం మీదనే నిర్మితమైంది. జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ 1997లో నాటి గుర్‌గావ్‌లో ప్రారంభించిన విభాగమే తదనంతరం జెన్‌ప్యాక్ట్‌గా రూపొందింది. ఖాతాదారు వేల మైళ్ల దూరాన ఉన్నా, ఉద్యోగులంతా ఒకే కప్పు కింద ఉండేవారు. కొత్తగా చేరినవారికి తొలుత తరగతి గదిలో శిక్షణ ఇచ్చేవారు. పిమ్మట అనుభవజ్ఞుని పక్కన కూర్చొని, రెండో హెడ్‌ఫోన్ ద్వారా సంభాషణలు వినేవారు. ఆగ్రహించిన ఖాతాదారుతో ఎప్పుడు మాట్లాడాలి, ఎప్పుడు మౌనం వహించాలి, వ్యవహారాన్ని పై అధికారికి ఎప్పుడు అప్పగించాలి అన్నవి ఆ విధంగానే అబ్బేవి. ఇవి నియమావళిలో లభించేవి కావు.

కాల్ సెంటర్ల ఉద్యోగులు ఇంటి నుంచి పనిచేయడంపై కఠిన నిబంధనలు ఉండేవి. 2020 మార్చిలో వాటిని తాత్కాలికంగా సడలించిన టెలికం శాఖ, అదే ఏడాది నవంబరులో శాశ్వతంగా సరళీకరించింది. దీనివల్ల ప్రయోజనాలు లేకపోలేదు. ప్రయాణ ప్రయాస తప్పింది. రికార్డు చేసిన సంభాషణను ఎన్నిసార్లయినా వినవచ్చు. తెరను పంచుకొని తప్పును చూపవచ్చు.

అయితే పక్క కుర్చీలోని వ్యక్తిని అడిగినంత తేలికగా, సందేహాన్ని టైపు చేసి పంపడం సాధ్యం కాదు. ఇంత చిన్న విషయం అడిగితే ఏమనుకుంటారోనన్న సంకోచం కొత్తవారిని వెనక్కు లాగుతుంది. వారి తడబాటు సీనియర్ల కంట పడదు. తప్పు జరిగిన తర్వాతనే అది బయటపడుతుంది.

అమెరికాలోని ఒక పెద్ద సంస్థ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లపై ఆర్థికవేత్తలు నటాలియా ఇమాన్యుయెల్, ఎమ్మా హారింగ్టన్, అమందా పాలైస్ జరిపిన పరిశోధన ఈ సందర్భంలో గమనార్హం. సహచరుల సమీపాన కూర్చున్న ఇంజనీర్లకు తమ పనిపై ఎక్కువ సూచనలు లభించాయి. అందువల్ల అధికంగా లబ్ధి పొందినవారు కొత్తవారే. కాగా, నేర్పే సీనియర్ల సొంత ఉత్పత్తి కొంత తగ్గింది.

అసలు కీలకం ఇక్కడే ఉంది. నేర్పడానికి ఖర్చవుతుంది. కార్యాలయంలో ఆ ఖర్చు లెక్కలకెక్కకుండా పక్క కుర్చీలో జరిగిపోయేది. ఇంటి నుంచి పనిలో సీనియర్ తన రోజువారీ లక్ష్యంలో నుంచి ఆ సమయాన్ని వేరుగా కేటాయించాలి. కేటాయిస్తే ప్రతిఫలం లేదు, మానితే ప్రశ్నించేవారు లేరు.

కనుక నేర్పే సమయాన్ని కూడా పనిగంటలలో లెక్కించి, లక్ష్యాలను ఆ మేరకు తగ్గించడం సంస్థల తక్షణ కర్తవ్యం. తొలి మాసాలలో కొత్తవారిని, నేర్పేవారిని ఒకే రోజున కార్యాలయానికి రప్పించడం మరో మార్గం. కొత్తవారిని మాత్రమే రప్పించి, సీనియర్లను ఇంటి వద్ద ఉంచితే ఫలితం శూన్యం. నేటి అనుభవజ్ఞులతో ఈ ఏటి పని సాగిపోవచ్చు. పదేళ్ల తర్వాత అనుభవజ్ఞులు కావలసినవారు మాత్రం నేడే నేర్చుకోవాలి.