రాతి వయసుకు ఖాతా పుస్తకం

సిరోంచ వైపు వెళ్ళొచ్చిన మన వాళ్ళలో కొందరు కాళేశ్వరం ప్రసాదంతో పాటు వడధం దగ్గర ఏరిన రాతి ముక్క ఒకటి తెస్తుంటారు. కోట్ల ఏళ్ళ కింద చెట్టు, ఇప్పుడు రాయి. షోకేసులో పెట్టి, "కార్బన్ పరీక్ష చేయిస్తే వయసు తెలుస్తుంది కదండీ?" అంటారు. తెలియదు. ఎందుకో చెబుతాను. నేను చదివింది బి.కాం. అయినా ఇది మా బ్యాంకు వాళ్ళ లెక్కే.

రేడియోధార్మిక మూలకాల పరమాణువులు నిలకడగా ఉండవు. కణాలను, శక్తిని వదులుతూ వేరే మూలకంగా మారిపోతాయి. ఏ పరమాణువు వంతు ఎప్పుడొస్తుందో చెప్పలేం. కాని మొత్తంలో సగం మారడానికి పట్టే కాలం మాత్రం తప్పదు. అదే అర్ధాయువు. యంత్రాలకు తరుగుదల కట్టేటప్పుడు ఏటా మిగిలిన విలువ మీదే శాతం వేస్తాం చూడండి, అచ్చం అలాగే. వంద యాభై అవుతుంది, యాభై పాతికవుతుంది, పాతిక పన్నెండున్నర.

కార్బన్-14 అర్ధాయువు 5,730 ఏళ్ళు. సుమారు 50 వేల ఏళ్ళు దాటితే ఆ ఖాతాలో కొలవదగ్గ నిల్వే మిగలదు. మన రాళ్ళేమో జురాసిక్ కాలానివి, అంటే 20 కోట్ల నుంచి 14.5 కోట్ల ఏళ్ళ నాటివి. సిరోంచ తాలూకా పోచంపల్లి దగ్గర 1960 ప్రాంతంలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు దాదాపు 300 డైనోసార్ ఎముకలు తవ్వి తీశారు. 1975లో దానికి బారపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. బెంగాలీలో 'బడ పా' అంటే పెద్ద కాలు. టాగోరై రవీంద్రుని పేరు.

అంత పాత లెక్కకు పెద్ద ఖాతాలు కావాలి. పొటాషియం-40 అర్ధాయువు 125 కోట్ల ఏళ్ళు; అందులో కొంత ఆర్గాన్ వాయువవుతుంది. యురేనియం-238ది 447 కోట్ల ఏళ్ళు, చివరికి సీసమవుతుంది. లావా కరిగి ఉన్నప్పుడు ఆర్గాన్ ఎగిరిపోతుంది. గట్టిపడ్డ రోజున సున్నా నిల్వతో కొత్త ఖాతా మొదలు. మహారాష్ట్ర నల్లరాతికి సుమారు 6.6 కోట్ల ఏళ్ళని తేల్చింది ఇలాగే.

సిరోంచ రాళ్ళు లావా కావు, నీళ్ళు తెచ్చి పేర్చిన ఇసుక, బురద. అందులోని రేణువును పరీక్షిస్తే అది పుట్టిన పాత కొండ వయసు వస్తుంది గాని, ఈ పొర వయసు రాదు. అందుకే కోటా గ్రామం పేరున్న ఈ పొరలోని చేపల వంటి శిలాజాలను, వయసు తేలిన ఇతర దేశాల పొరల్లోని వాటితో పోల్చి చూశారు.

అంటే శిలాజం వయసు ఆ రాతిలో రాసి లేదు. అది ఏ పొరలో, దేనికి పైన, దేనికి కింద ఉందన్న దానిలో ఉంది. చోటు తప్పించి ఇంటికి తెచ్చిన ముక్క ఖాతా నంబరు లేని వోచరు. ఏ శాస్త్రజ్ఞుడూ దాన్ని మళ్ళీ జమ కట్టలేడు.

కాబట్టి సెలవుల్లో పిల్లల్ని వడధం తీసుకెళ్ళండి. కొత్త శిలాజం కనిపిస్తే ఫోటో తీసి, అటవీశాఖ వారికి చోటు చెప్పండి. హైదరాబాద్ వెళితే బిర్లా మ్యూజియంలో, ప్రాణహిత అవతల యామన్‌పల్లిలో దొరికిన కోటాసారస్‌ను చూపించండి. రాయిని మాత్రం ఉన్నచోటే ఉండనివ్వండి.