కళ్లంలో కరెంటు తీగతో జాగ్రత్త

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సంక్రాంతి ముందు నూర్పుళ్ల హడావిడి. ధాన్యం తూర్పారబట్టడానికి ఫ్యాను, రాత్రి పనికి లైటు కావాలి. ఇంటి నుంచో, మోటారు షెడ్డు నుంచో కళ్లం దాకా తీగ లాగుతాం. మంచుకు తడిసిన నేల మీద ఒట్టికాళ్లతో తిరిగేచోట అతుకుల తీగ ప్రాణం తీస్తుంది.

రైతు సోదరులారా, ఇవి పాటించండి:

* అతుకుల్లేని మూడు తీగల రబ్బరు కేబుల్ వాడండి. సన్నని లైటు తీగతో మోటారు నడిపితే తీగ వేడెక్కి కాలుతుంది.

* ఆకుపచ్చ తీగ ఎర్తుది. దాన్ని వదిలేసి రెండు పిన్నులతో నడపరాదు.

* తీగచుట్ట పూర్తిగా విప్పండి. చుట్టలో వేడి పెరుగుతుంది.

* బండ్లు తిరిగేచోట తీగను కర్రల మీద ఎత్తుగా కట్టండి.

* ఫ్యాను జరిపేముందు ప్లగ్గు తీయండి.

ఫ్యూజు ఉందిగదా అని ధీమా వద్దు. మనిషి ప్రాణం తీసే కరెంటుకు ఫ్యూజు పోదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. స్విచ్చి పెడితే కరెంటు నేలకు పారగానే రెప్పపాటులో ఆపుతుంది.

ఎవరికైనా షాకు కొడితే ముట్టుకోవద్దు. ముందు మెయిను ఆపండి. వీల్లేకుంటే పొడి చెక్క మీద నిలబడి, ఎండు కర్రతో తీగను తప్పించండి. వెంటనే 108కి ఫోను చేయండి. లైను తెగిపడితే దగ్గరకు పోకుండా 1912కి చెప్పండి.