మీకు తెలుసా? పంతులుగారి పోలీసు జట్టు

1950లో గుడివాడలో కాలేజీ మొదలైంది. ప్రాథమిక చదువుతోనే బడి మానేయాల్సి వచ్చిన రామాపురం కుర్రాడు అక్కినేని నాగేశ్వరరావు, సినిమా హీరో అయ్యాక ఆ కాలేజీకి అండగా నిలిచారు. ఇవాళ అది ఆయన పేరుమీదే ఉంది. ఈ సంగతి గుడివాడలో ఎవర్నడిగినా చెబుతారు. అదే ఏడాది తెలుగు నేల మీంచి ఒక ఫుట్‌బాల్ జట్టు బయల్దేరి బొంబాయిలో రోవర్స్ కప్పు, ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు రెండూ గెలుచుకొచ్చిందని మీకు తెలుసా?

ఆ జట్టు హైదరాబాద్ సిటీ పోలీస్. అప్పటికి గుడివాడ మద్రాసు రాష్ట్రంలో ఉంది, హైదరాబాద్ ఇంకో రాష్ట్రం. కాబట్టి మనవాళ్లు గెలిచారని గుడివాడలో టపాకాయలు కాల్చుకునే వీలు లేకపోయింది!

డ్యూరాండ్ మామూలు కప్పు కాదు, 1888 నాటిది. రెండో ప్రపంచ యుద్ధం, ఆ వెంటనే దేశ విభజన వచ్చిపడి 1940 తర్వాత పోటీలు ఆగిపోయాయి. మళ్లీ జరిగింది 1950లోనే. ఫైనల్లో ఎదురుగా కలకత్తా మోహన్ బగాన్. మొదటిసారి చెరో గోలుతో ఆట తేలలేదు. మళ్లీ ఆడించారు. ఈసారి ఒకే ఒక్క గోలు పడింది, అది పోలీసులది. రోవర్స్ కప్పయితే ఆ ఏడాదితో మొదలుపెట్టి 1954 దాకా వరుసగా ఐదేళ్లు ఎవరికీ వదల్లేదు.

ఇంతకీ అంత పెద్ద జట్టు కాలేజీది కాక పోలీసులది ఎందుకైంది? అమెరికాతో పోల్చి చూడండి. యుద్ధం ముగిశాక అక్కడ మాజీ సైనికులు ప్రభుత్వ ఖర్చుతో కాలేజీల్లో చేరారు. అక్కడి కాలేజీ ఫుట్‌బాల్‌కు (కోలబంతితో ఆడేది లెండి, మన ఆట కాదు) జనం విరగబడ్డారు. 1946లో ఆర్మీ, నోటర్ డామ్ జట్లు తలపడితే న్యూయార్క్‌లో 70 వేలమందికి పైగా చూశారు. తీరా ఇద్దరికీ సున్నాయే. మన దగ్గర ఆ రోజుల్లో కాలేజీ కుర్రాడికి ఆట ఎంత బాగా వచ్చినా, డిగ్రీ చేతికొచ్చాక ఉద్యోగం చూసుకోవాల్సి వచ్చేది. ఆడుతూ జీతం తీసుకోవాలంటే పోలీసో, పటాలమో, రైల్వేనో దిక్కయ్యేది. అందుకే అప్పటి మన పెద్ద జట్లకు కాలేజీల పేర్లకన్నా ఆఫీసుల పేర్లే ఎక్కువగా ఉండేవి.

అయితే ఈ పోలీసు జట్టును తయారుచేసినాయన పోలీసు కాదు, బడిపంతులు. సయ్యద్ అబ్దుల్ రహీం. చదివింది ఉస్మానియాలో, ఆడిందీ ఆ యూనివర్సిటీ జట్టుకే. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. 1950లో పోలీసు జట్టు పగ్గాలు చేపట్టి, 1963లో కన్నుమూసేదాకా వదల్లేదు.

ఆయన శిక్షణలో నాకు బాగా నచ్చిన ముచ్చట ఒకటుంది. వాటం లేని కాలితోనే తన్నాలని షరతు పెట్టి టోర్నమెంట్లు నడిపేవారు. కుడికాలివాడు ఎడమకాలితో ఆడాలన్నమాట! బంతిని కాళ్ల దగ్గర ఆడిస్తూ గొప్పలు పోకుండా, వచ్చింది వచ్చినట్టు పక్కవాడికి అందించాలని ఇంకో రకం పోటీ. హోంవర్కు ఇచ్చే అలవాటు ఎక్కడికి పోతుంది?

దేశపు జట్టును కూడా ఆయన చేతికే ఇచ్చారు. 1951 ఢిల్లీ ఏషియాడ్‌లో స్వర్ణం. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తు. ఆ చలిలో మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతోనే ఆడారు. దాంతో బూట్లు తప్పనిసరి చేశారు.

ఇక 1956. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. సరిగ్గా నెలకు, డిసెంబరు 1న మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ 4-2తో ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డమీదే ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, బలరాం లాంటి హైదరాబాదీలు ఉన్నారు. సెమీస్‌లో మళ్లీ యుగోస్లావియాయే అడ్డుపడింది. చివరికి నాలుగో స్థానం దక్కింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంతకు మించి ఇంతవరకు ఎక్కలేదు.

రాష్ట్రం ఒకటైనా ఆటలో పాతపేర్లు వెంటనే పోలేదు. 1956, 1957 సంతోష్ ట్రోఫీలు గెలిచిన జట్టు పేరు ‘హైదరాబాద్’ అనే రాశారు. 1957 డ్యూరాండ్ కూడా హైదరాబాద్ సిటీ పోలీస్ ఖాతాలోనే ఉంది. 1961కి వచ్చేసరికి పోలీసులు మళ్లీ డ్యూరాండ్ గెలిచారు, ఓడిపోయింది మళ్లీ మోహన్ బగానే. ఈసారి జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్. అంటే ఆ కప్పులో గుడివాడకూ వాటా ఉంది.