తలమీద మచ్చ: ఏది అంటుతుంది, ఏది అంటదు

పిల్లల తలమీద రూపాయి బిళ్లంత మేర జుట్టు ఊడితే మన గంగవరంలో పేనుకొరుకుడు అంటారు. పక్కన కూర్చోవద్దని మిగతా పిల్లలను దూరం జరుపుతారు. పేరులో పేను ఉందే గాని, దీనికి పేలతో సంబంధం లేదు. శరీర రక్షణ వ్యవస్థే వెంట్రుకల కుదుళ్లపై దాడి చేయడం వల్ల ఇది వస్తుంది. చర్మం నున్నగా ఉంటుంది. ఇది అంటదు. చాలామందికి జుట్టు మళ్లీ వస్తుంది. గురివింద గింజ అరగదీసి పూయకండి, అది విషం.

పొట్టు రాలుతూ, దురదపెడుతూ, వెంట్రుకలు మొదట్లోనే విరుగుతుంటే అది తల తామర కావచ్చు. ఇది దువ్వెన, టోపీ, తువ్వాలు ద్వారా అంటుతుంది. పైపూత మందు కుదుళ్ల లోపలికి చేరదు. డాక్టరు రాసిన మాత్రలు సాధారణంగా 6 నుంచి 8 వారాలు వాడాలి. అశ్రద్ధ చేస్తే చీము పట్టి, కుదుళ్లు దెబ్బతిని, అక్కడ జుట్టు ఎప్పటికీ రాకపోవచ్చు. మందు మొదలుపెట్టిన బిడ్డ బడి మానక్కర్లేదు.

దాతలారా! పుస్తకాలతోపాటు ప్రతి బిడ్డకూ సొంత దువ్వెన, సొంత టోపీ ఇవ్వండి. పలమనేరు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లేందుకు బస్సు ఛార్జీ లేని తల్లికి ఆ ఛార్జీ ఇవ్వండి. మాత్రలు మధ్యలో ఆగకుండా చూడటమూ దానమే.