కవ్వాల్ కుంటల వెంట ఒక రోజు

జనవరి చలిలో ఫజ్ర్ నమాజ్ ముగించుకొని భైంసా నుంచి బయలుదేరాము. రెండు కుటుంబాలు, పిల్లలు, ఇంటికి పెద్దదిక్కయిన దాదీ. నిర్మల్ దాటి ఖానాపూర్ మీదుగా సాగుతుండగా పత్తి చేలు వెనుకబడి టేకు చెట్లు మొదలయ్యాయి. పిల్లల ధ్యాసంతా పులి మీదనే. దాదీ మాత్రం "పులిని చూసి మనమేం చేస్తామురా, నీళ్లు చూపించండి" అన్నారు. చివరికి ఆమె కోరికే నెరవేరింది.

మొదట కడెం జలాశయం దగ్గర ఆగాము. ఆదిలాబాద్ కొండల్లో పుట్టి గోదావరిలో కలిసే కడెం వాగుకు అడ్డంగా కట్టిన ఆనకట్ట ఇది. 1958లో ఒకసారి తెగింది. 2022 జులైలో ఐదు లక్షల క్యూసెక్కులకు మించి వరద ముంచెత్తింది. అప్పుడు గేట్ల మీదుగా వదలగలిగింది మూడు లక్షలే. నీరు గేట్ల పైనుంచి పొర్లింది, దిగువ గ్రామాలను ఖాళీ చేయించారు. ఆ రాత్రి భైంసాలోనూ మేలుకొని దుఆలు చేసిన ఇళ్లు లేకపోలేదు. అంతకు ముందటి ఏడాదే మన గడ్డెన్న వాగు పొంగి పట్టణంలోని కాలనీలను ముంచిన జ్ఞాపకం అప్పటికింకా పచ్చిగానే ఉంది.

మేము చూసిన ఉదయం మాత్రం ఆ నీరు అద్దంలా ఉంది. ఒడ్డు బురదలో నత్తగుల్లకొంగలు నింపాదిగా నడుస్తున్నాయి. వీటి ముక్కు మూసుకున్నా మధ్యలో సందు మిగిలే ఉంటుంది. నత్తను పట్టి గుల్లలోంచి మాంసం లాగడానికి సృష్టికర్త అమర్చిన పనిముట్టు అది. దూరాన తలపై రెండు నల్లచారలున్న బాతుల గుంపు కనిపించింది. టిబెట్, మంగోలియా సరస్సుల దగ్గర గుడ్లు పెట్టి, హిమాలయాలను దాటి శీతాకాలానికి మన దక్కన్ జలాశయాలను చేరుకునే పక్షులివి. "వీటికి దారి ఎవరు చెప్పారు?" అని మా చిన్నది అడిగింది. పక్షులూ జంతువులూ మనలాంటి సముదాయాలేనని దివ్య ఖుర్‌ఆన్ అన్‌ఆమ్ సూరా 38వ వాక్యం తెలుపుతున్న సంగతిని దాదీ ఆమెకు కథలా చెప్పారు.

నీరూ నేలా కలిసే ఇటువంటి చెమ్మ నేలల విలువను లోకం ఆలస్యంగానే గుర్తించింది. వాటి రక్షణకై పలు దేశాలు కలిసి చేసుకున్న ఒప్పందం 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో కుదిరింది. తెలుగు నేలపై కొల్లేరు 2002లో ఆ జాబితాకెక్కింది. ఆ ఒప్పందం మనుషులు కట్టిన జలాశయాలను కూడా చెమ్మ నేలలుగానే లెక్కిస్తుంది. మన దేశపు 2017 నిబంధనలు మాత్రం సాగునీటి కోసం కట్టినవాటిని ఆ నిర్వచనం నుంచి తప్పించాయి. కొంగకు ఈ తేడా తెలియదు గదా!

కడెం నుంచి జన్నారం చేరి అటవీశాఖ సఫారీ వాహనం ఎక్కాము. కవ్వాల్‌ను 1965లో అభయారణ్యంగా, 2012లో పులుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. కోర్, బఫర్ కలిపి 2,000 చదరపు కిలోమీటర్లకు పైబడిన అడవి ఇది. ఇక్కడికి పులులు ఎక్కువగా మహారాష్ట్రలోని తడోబా, తిప్పేశ్వర్ అడవుల నుంచి వచ్చిపోతుంటాయి. అది మాకు కనబడలేదు, కనబడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేదు కూడా.

కనబడినవి కుంటలు. ఈ అడవి ప్రాణమంతా వాటి చుట్టూనే తిరుగుతుంది. ఒక కుంట అంచున దుప్పుల మంద తలలెత్తి మావైపు చూసింది. ఆవలి గట్టున తుంగ, జమ్ము దట్టంగా అల్లుకున్నాయి. ఇంకో మలుపులో అడవిదున్న ఒకటి కదలకుండా నిలబడి ఉంటే, నల్లబండ అనుకున్నాము. ఈ అడవిలోనే కొండగొర్రె ఉంది. నాలుగు కొమ్ములుండే అడవి జంతువు ప్రపంచంలో ఇదొక్కటే. భారత్, నేపాల్ తప్ప మరెక్కడా లేదు. తరచూ నీరు తాగక తప్పదు కనుక కుంటలకు దూరంగా పోలేదు. ఎండాకాలం కుంటలు అడుగంటినప్పుడు అటవీ సిబ్బంది సౌరశక్తి బోర్లతో, ట్యాంకర్లతో తొట్లు నింపుతారు. దప్పికతో అల్లాడుతున్న కుక్కకు నీరు తాపినందుకు పాపాలు మన్నించబడిన మనిషి గురించిన హదీసు తెలియని ముస్లిం ఇల్లు ఉండదు. ఆ తొట్టి పక్క నుంచి పోతున్నప్పుడు మాకు అదే తలపుకు వచ్చింది.

చెట్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. వాగుల వెంట ఎత్తుగా, తెల్లని బెరడుతో నిలిచేది ఏరుమద్ది. దాని వేళ్లే ఒడ్డును కోసుకుపోకుండా పట్టి ఉంచుతాయి. దాని దాయాది నల్లమద్ది బెరడు మొసలి వీపులా పగిలి ఉంటుంది. అది తన మానులో నీరు దాచుకుంటుంది. 2024లో పాపికొండల అడవిలో ఒక నల్లమద్ది బుడిపెను సిబ్బంది కోయగా కొళాయిలా నీరు చిమ్మింది. ఇక మన దేశపు చెమ్మ నేలల్లో డ్రోసెరా అనే బుల్లి మొక్క పెరుగుతుంది. నేలలో నత్రజని చాలక, ఆకుల మీది జిగురు బిందువులతో చీమలను, దోమలను పట్టి తింటుంది. అది మా కంటబడలేదు గాని, పిల్లలు రోజంతా తడి నేల మీద వంగి వెతుకుతూనే ఉన్నారు.

జుహర్ వేళకు మళ్లీ కడెం గట్టుకు వచ్చాము. మొసళ్లుంటాయి, నీటి అంచుకు దిగవద్దన్నారు. ఈ గోదావరి తీరానే, మంచిర్యాల, పెద్దపల్లి జిల్లాల మధ్య, 1978 నుంచి శివ్వారం మొసళ్ల అభయారణ్యం ఉంది. సీసా నీళ్లతోనే వుజూ చేసుకున్నాము. మా అబ్బాయి ధారగా పోస్తుంటే దాదీ సీసాను వంచి పట్టుకున్నారు. ప్రవహించే నది ఒడ్డున ఉన్నా వుజూలో నీరు వృథా చేయరాదన్న ప్రవక్త (స) బోధ వాడికి ఇంతకు ముందూ తెలుసు. ఆ బోధ అర్థమైంది మాత్రం ఇంత నీటిని ఎదురుగా చూసినప్పుడే. ప్రయాణికులకున్న వెసులుబాటు మేరకు ఖస్ర్ నమాజ్ చేసుకున్నాము.

తిరుగు దారిలో మద్దిపడగ దగ్గర వరుసగా కట్టిన కొత్త ఇళ్లు కనిపించాయి. కోర్ ప్రాంతంలోని మైసంపేట, రాంపూర్ గూడేల 142 కుటుంబాలను 2024లో ఇక్కడికి తరలించారు. కొందరు ఇల్లూ భూమీ తీసుకున్నారు, కొందరు 15 లక్షల రూపాయల పరిహారం ఎంచుకున్నారు. గ్రామసభ సమ్మతి లేకుండా తరలించరాదని చట్టం ఉంది. అయినా ఇప్ప చెట్టు కింద పెరిగినవారికి కాలనీ ఇల్లు ఎలా ఉంటుందో మనకు ఊహకందదు. ఈ ప్రాంతంలో ఈ కథ కొత్తది కాదు. నిజాం పాలనలో అడవి మీద హక్కు కోసం పోరాడిన కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణాలర్పించాడు. ఆయన పేరునే 2025 మేలో పులుల రాకపోకల దారిని రక్షిత ప్రాంతంగా ప్రకటిస్తూ జీవో 49 వెలువడింది. ఆదివాసుల నిరసనతో జులైలో ప్రభుత్వం దానిని నిలిపివేసింది.

అడవిని కాపాడవద్దని మేము అనడం లేదు. కాపాడకపోతే ఆ కుంటలు ఎండుతాయి, వాటి వెనుకే కడెం, ఆ వెనుక మన పొలాలు. కాని ఇస్లాం చరిత్రలో దీనికొక పూర్వ ఉదాహరణ ఉంది. మదీనా సమీపంలోని నఖీ మైదానాన్ని దైవప్రవక్త (స) 'హిమా'గా, అంటే అందరి మేలు కోసం కాపాడే పచ్చికగా ప్రకటించారు. హజ్రత్ ఉమర్ (రజి) తన పాలనలో రబజాను అలాగే కాపాడించారు. ఆయన దాని కాపరికి చేసిన హితవును ఇమాం బుఖారీ నమోదు చేశారు. కొద్దిపాటి ఒంటెలు, మేకలు ఉన్న పేదలను లోపలికి రానివ్వమన్నారు. ధనవంతులైన ఇబ్నె ఔఫ్, ఇబ్నె అఫ్ఫాన్‌ల మందలను మాత్రం దూరంగా ఉంచమన్నారు. వారి మందలు నశించినా వారికి తోటలూ పొలాలూ మిగులుతాయి, పేదవాడి మంద నశిస్తే పిల్లలతో వచ్చి తన ముందే నిలబడతాడని కారణం చెప్పారు. కంచె ఎవరి కోసం, ఎవరిపై అన్నది పద్నాలుగు వందల ఏళ్ల క్రితమే ఇంత సూటిగా తూచిన పాలకుడు మరొకరున్నారా?

మా పిల్లవాడు ఇంకా సూటిగా అడిగాడు. "సఫారీ జీపులో మనం లోపలికి వెళ్లవచ్చు, అక్కడ పుట్టినవాళ్లు ఉండకూడదా?" వాహనంలో ఎవరమూ వెంటనే బదులివ్వలేదు. నిర్మల్ వచ్చేవరకు ఆ ప్రశ్న మాతోనే ప్రయాణించింది.

మరుసటి ఆదివారం అస్ర్ తరువాత గడ్డెన్న ప్రాజెక్టు కట్ట మీదికి పిల్లలను తీసుకువెళ్లాము. ఇన్నేళ్లుగా చల్లగాలి కోసమే వెళ్తున్న చోటు అది. ఈసారి మా చిన్నది బురదలో ఒంటరిగా నిలబడ్డ పక్షిని చూపించి, దాని ముక్కులో సందు ఉందని అరిచింది.