పెద్ద టైర్లు, పాత స్ప్రింగులు: మార్చే ముందు వేయవలసిన లెక్క

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో వాహన విడిభాగాల దుకాణాల ముందు కాసేపు నిలబడితే నేటి యువకుల మనసు ఎటు మొగ్గుతున్నదో తెలిసిపోతుంది. ఇంటికి పెద్ద బండి వచ్చిన కొన్నాళ్ళకే కంపెనీ ఇచ్చిన టైర్లు వారి కంటికి చిన్నవిగా కనిపిస్తాయి. ఇంకా వెడల్పైనవి, ఎత్తైనవి వేయిస్తే బండికి హుందాతనం వస్తుందని, గుంతల్లో అడుగుభాగం తగలదని వారి వాదన. ఈ కోరికను తప్పుపట్టనవసరం లేదు. అయితే ఆ బండిలో కూర్చునేది కోరినవాడొక్కడే కాడు. వెనుక సీట్లలో వృద్ధులైన తల్లిదండ్రులు, పసిబిడ్డను ఒడిలో పెట్టుకున్న తల్లి ఉంటారు. కనుక స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు పాతవే ఉంచి టైర్లు మాత్రం పెంచితే ఏమవుతుందో ఇంటి పెద్ద లెక్కవేసి తెలుసుకోవాలి.

మహీంద్రా బొలెరోను ఉదాహరణగా తీసుకుందాం. దానికి కంపెనీ ఇచ్చే టైరుపై 215/75 ఆర్ 15 అని ఉంటుంది. 215 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అంటే ప్రక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 75 శాతం. 15 అంటే రిమ్ము అంగుళాలు. ఈ లెక్కన టైరు పూర్తి ఎత్తు 703.5 మిల్లీమీటర్లు. దీని స్థానంలో 235/75 ఆర్ 15 వేయిస్తే ఎత్తు 733.5 మిల్లీమీటర్లు అవుతుంది. అంటే 30 మిల్లీమీటర్లు, శాతంలో నాలుగుకు పైగా పెరిగింది. ఇరుసు చక్రం నడుమ ఉంటుంది కాబట్టి బండి నేల నుండి లేచేది మాత్రం ఇందులో సగమే, కేవలం ఒకటిన్నర సెంటీమీటరు.

ఆ ఒకటిన్నర సెంటీమీటరుకు చెల్లించే మూల్యం ఎక్కువే. పెద్ద చక్రం ఒక్కసారి తిరిగితే ఎక్కువ దూరం పోతుంది. పాత టైర్లతో మీటరు సరిగ్గా పనిచేసినదైతే, ఇప్పుడది 80 చూపుతున్నప్పుడు బండి 83 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతుంటుంది. 10,000 కిలోమీటర్లు తిరిగినా మీటరులో సుమారు 9,590 మాత్రమే నమోదవుతుంది. ఆయిలు మార్పిడి ఆలస్యమవుతుంది. రేపు బండిని అమ్మదలచినప్పుడు కొనేవాడికి ఈ సంగతి చెప్పి తీరాలి. సరుకులోని లోపాన్ని దాచకపోవడం మన ధర్మం నేర్పిన వర్తక నీతి.

బ్రేకులకూ ఇదే లెక్క వర్తిస్తుంది. పెడలును అంతే బలంతో తొక్కినా, చక్రం పెద్దదైన కొద్దీ నేలపై ఆపే శక్తి తగ్గుతుంది. ఇంజిను లాగే శక్తి కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. ఘాట్ రోడ్డులో నిండు బండి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఇక స్ప్రింగుల విషయం. కంపెనీవారు స్ప్రింగులను, వెనుక కమాన్ కట్టలను, షాక్ అబ్జార్బర్లను ఒక నిర్ణీత బరువున్న చక్రాన్ని దృష్టిలో ఉంచుకొని తయారుచేస్తారు. చక్రం బరువు స్ప్రింగుల పైన కాక వాటి క్రింద ఉంటుంది. అది పెరిగితే గతుకు తగిలిన ప్రతిసారీ చక్రం ఎక్కువగా ఎగురుతుంది, షాక్ అబ్జార్బర్లు త్వరగా అలసిపోతాయి, బేరింగులపై భారం పడుతుంది. దుకాణం ముందు ఖాళీగా నిలిచిన బండిలో టైరుకు, దాని పైనున్న మడ్‌గార్డుకు మధ్య చోటు చాలినంత కనిపిస్తుంది. పెళ్ళికి బయలుదేరి మనుషులు, సామాను నిండగానే స్ప్రింగులు క్రుంగుతాయి. వేగనిరోధకం దాటేటప్పుడు ఆ కాస్త చోటు కూడా మిగలదు. స్టీరింగు పూర్తిగా త్రిప్పినప్పుడు ముందు టైరు చట్రానికి రాసుకోవచ్చు. ఇలా రాపిడి తిన్న ప్రక్కగోడ రహదారిపై వేగంలో ఉన్నప్పుడు పగిలితే జరిగేది ఊహించలేనిది కాదు. ఇరుకు తీర్చడానికి స్పేసర్లు పెట్టి బండిని ఎత్తితే గరిమనాభి పైకి జరిగి, మలుపుల్లో బండి మరింత ఒరుగుతుంది.

చట్టాన్ని కూడా మరువరాదు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే సంవత్సరపు సవరణ, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చని చెబుతుంది. ప్రమాదం జరిగినప్పుడు తమకు తెలియజేయని మార్పును చూపి బీమా సంస్థ అభ్యంతరం చెప్పవచ్చు. అందుచేత అదే మోడలుకు కంపెనీ ఆమోదించిన కొలతల్లో ఉండటమే క్షేమం. సందేహముంటే తిరుమలగిరిలోని ఆర్టీఓ కార్యాలయంలో అడిగి తెలుసుకోవచ్చు.

మట్టిదారుల్లో పట్టు కావాలనుకునేవారికి సులభమైన మార్గమొకటి ఉంది. పాత కొలతలోనే లోతైన గాడులున్న ఆల్ టెరైన్ టైర్లు తీసుకోవడం. కొలత మార్చక తప్పదనుకుంటే ఎత్తులో తేడా 3 శాతం దాటనీయరాదన్నది ఈ రంగంలో సాధారణంగా పాటించే హద్దు. మనం చూసిన ఉదాహరణ ఈ హద్దును దాటినదే. టైరుపై కొలత ప్రక్కన ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి. అంకె టైరు మోయగల బరువును, అక్షరం తట్టుకోగల వేగాన్ని తెలుపుతాయి. ఈ రెండూ పాత టైరు కంటే తక్కువ కాకూడదు. స్టెప్నీతో కలిపి ఐదూ ఒకే కొలతవి ఉండాలి.

డబ్బు చెల్లించే ముందే దుకాణదారును అడిగి ఒక పరీక్ష చేయించండి. ముందు రెండు టైర్లు బిగించిన తరువాత స్టీరింగును రెండు వైపులా చివరిదాకా త్రిప్పి చూడండి. ఆ పైన వెనుక టైర్లూ బిగించి, సీట్లన్నీ నిండేలా మనుషులను కూర్చోబెట్టి, మెల్లగా ఒక వేగనిరోధకం దాటించండి. ఎక్కడైనా రాపిడి శబ్దం వినబడితే, ఆ టైర్లు ఎంత అందంగా ఉన్నా, ఎంత చౌకగా వచ్చినా వాటిని అక్కడే విప్పించి పాతవే బిగించమనండి.