చుక్క ఏరు దాటింది ఎందుకు?

“మామా, నేను వాడపల్లిల సంగమం కాడ నిలవడి ఉన్న. ఫోనేమో నన్ను ఏటవతల పొందుగలల సూపిస్తుంది. నిన్న ఇంట్ల కూసుంటే హైదరాబాదు అన్నది. మొన్నయితే ఏమీ అనలే, ఉత్త మ్యాపే. గీ ఫోను ఖరాబైందా?”

మేనల్లుడు అడిగిన ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి మాకు మూడు సాయంత్రాలు పట్టింది. దీనికి తోడు ఇంకో బాధ. మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు గుమాస్తా ‘వడ్లు తోలుకురా’ అని వాట్సాప్‌లో పొద్దున ఎనిమిదింటికి కబురు పెట్టాడు. అది మా వాడి ఫోనులో పదకొండు దాటాక మోగింది, మరో తొమ్మిది మెసేజీలతో కలిసి ఒక్కసారే. వాడు చేరేసరికి మిల్లు ముందు ట్రాక్టర్ల వరుస రోడ్డు దాకా వచ్చేసింది. ఆ రాత్రి ట్రాలీలో వడ్ల మీదే పడుకున్నాడు. రెండు తిప్పలూ ఫోను సిస్టమ్‌ను కొత్త వెర్షన్‌కు మార్చిన రోజునుంచే మొదలయ్యాయని వాడి మాట.

వాడి చేతిలో ఉన్నది పైన్‌ఫోన్. పైన్64 వాళ్ళు 2020లో పంపడం మొదలుపెట్టిన లైనక్స్ ఫోను ఇది. మా తమ్ముడు అమెరికా నుంచి వస్తూ తెచ్చాడు. నిజానికి ఆండ్రాయిడ్ కూడా లోపల లైనక్స్ కెర్నెల్ మీదే నడుస్తుంది, జియోఫోన్‌లోని కైఓఎస్ కూడా అంతే. తేడా అంతా ఆ పైన కట్టిన ఇంట్లో ఉంది. మామూలు ఆండ్రాయిడ్ ఫోనులో ‘నువ్వెక్కడున్నావు’ అన్నా, ‘నీకు కబురొచ్చింది’ అన్నా చాలావరకు గూగుల్ సేవలే చూసుకుంటాయి. లైనక్స్ ఫోనులో ఆ పెద్దదిక్కు లేదు. ఒక్కో పనికి ఒక్కో చిన్న ప్రోగ్రాము ఉంటుంది, అది బయట ఎవరినో అడిగి తెలుసుకుంటుంది. అందుకే ఏదైనా తప్పు చూపించినప్పుడు నేను ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: ఈ మాట ఫోనుకు ఎవరు చెప్పారు?

లొకేషన్ విషయంలో చెప్పేవాళ్ళు నలుగురు. ఆకాశంలో ఉపగ్రహాలు, చుట్టుపక్కల వైఫైలు, సెల్ టవరు, ఇంటర్నెట్ ఐపీ చిరునామా. ఈ నలుగురి మాటలనూ కూర్చి మ్యాపుకు అందించే ప్రోగ్రాము పేరు జియోక్లూ. మా వాడికి మూడు రోజుల్లో మూడు రకాల తప్పులు కనిపించాయి. అది అదృష్టమనే అనాలి, ఎందుకంటే ఒక్కో తప్పు మీదా దాన్ని చెప్పినవాడి ముద్ర ఉంది.

మొదటి రోజు ఉత్త మ్యాపు. వాడి ఫోనులో ఉన్నది డెబియన్ మీద కట్టిన మోబియన్. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కు వాడు దాన్ని మార్చాడు. ఇలా మార్చేటప్పుడు మనం ఇదివరకు చేత్తో దిద్దిన సెట్టింగుల ఫైలు ఏదైనా ఉంటే సిస్టమ్ ఆగి అడుగుతుంది: నీ పాత ఫైలు ఉంచమంటావా, కొత్తది పెట్టమంటావా? ఏమీ ఆలోచించకుండా ఎంటర్ నొక్కితే పాతదే ఉంటుంది. మా వాడు ఎప్పుడో జియోక్లూ ఫైలును దిద్దాడు, ఇప్పుడు ఎంటర్ నొక్కాడు. ఆ పాత ఫైలులో ఉన్నది మొజిల్లా లొకేషన్ సర్వీసు చిరునామా. వైఫైల పేర్లు, టవర్ల నంబర్లు పంపితే అవి ఏ ఊళ్ళో ఉన్నాయో చెప్పే ఉచిత సేవ అది. దాన్ని ఆపేస్తున్నట్టు మొజిల్లా 2024 మార్చిలో ప్రకటించింది, ఆ జూన్ 12న బయటివాళ్ళకు జవాబివ్వడం మానేసింది. అంటే మా వాడి ఫోను ఖాళీ చేసిన ఇంటి తలుపు కొడుతూ కూర్చుంది.

ఇక్కడ ఒక సందేహం రావాలి. తలుపు 2024లోనే మూసుకుంటే, తిప్పలు 2025లో సిస్టమ్ మార్చాకే ఎందుకు కనిపించాయి? నాకూ ఇక్కడే ఒక సాయంత్రం గడిచిపోయింది. అంతకుముందు వాడు పొలంలోనూ రోడ్డుమీదా ఆరుబయటే మ్యాపు చూసేవాడు, ఉపగ్రహాలు సరిపోయేవి. ఒక కాలు ఎప్పుడో విరిగినా రెండో కాలు మీద నడుస్తున్నాడన్నమాట. మార్చినప్పుడు ఫోనూ, దానిలో ఉపగ్రహాలను వినే మోడెమూ ఆగి మళ్ళీ లేచాయి, ఉపగ్రహాల గురించి దాచుకున్న సమాచారం పోయింది. దాంతో రెండో కాలూ ఆగింది. మార్పు తర్వాత బయటపడ్డ తప్పు మార్పు వల్లే వచ్చిందని అనుకుంటే ఆ పాత విరుపును ఎన్నటికీ చూడం.

చిరునామాను బీకన్‌డీబీకి మార్చమన్నాను. మొజిల్లా వెళ్ళిపోయాక ఆ పని ఎత్తుకున్న స్వచ్ఛంద సేవ అది. జనం ఫోన్లతో తిరుగుతూ పంపిన వైఫై, టవరు వివరాలే దాని సొత్తు. ఎవరూ వివరాలు పంపని వీధిలో దానికేమీ తెలియదు. వాడి ఇంటి వైఫై దాని లెక్కలో లేదు. తెలియనప్పుడు అది చివరి ఆసరాగా ఐపీ చిరునామాను చూస్తుంది. ఐపీ చిరునామాకు ఊరి లెక్క ఉండదు, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ దాన్ని ఎక్కడ నమోదు చేసిందో అదే దాని ఊరు. అలా రెండో రోజు హైదరాబాదు వచ్చింది. మ్యాపులో మనల్ని చూపే చుక్క ఎప్పుడైనా పెద్ద నగరం నడిబొడ్డున, చుట్టూ జిల్లా అంత వలయంతో పడితే అది ఐపీ చెప్పిన మాటేనని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

మూడో రోజు పొందుగల. ఇది నాకు అన్నిటికంటే నచ్చిన తప్పు. వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. ఇవతల నల్లగొండ జిల్లా, అద్దంకి-నార్కట్‌పల్లి రోడ్డు మీద వంతెన దాటితే పల్నాడు జిల్లా. నీటి మీదుగా సిగ్నల్‌కు ఇల్లు అడ్డురాదు, చెట్టు అడ్డురాదు. సంగమం మెట్ల మీద నిలబడినవాడికి వెనక ఊళ్ళోని టవరు కంటే ఎదురొడ్డు టవరే బలంగా తగలొచ్చు. ఫోను దాన్ని పట్టుకుంటుంది. 2014లో రాష్ట్రాలు రెండైనా టెలికాం లైసెన్సుల లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇంకా ఒకే సర్కిల్. అందుకే రోమింగ్ కబురు కూడా రాదు, ఫోను ఏరు దాటిన సంగతి చేతిలో పట్టుకున్నవాడికి తెలియదు. టవరు నంబరు పంపితే ఆ టవరు పరిసరాలే జవాబుగా వస్తాయి. “చుక్కను చూడకురా, దాని చుట్టూ ఉన్న వలయం ఎంతుందో చూడు” అన్నాను. చూశాడు. రెండు ఒడ్లనూ కలిపి కప్పేంత ఉంది. అంటే ఫోను అబద్ధం ఆడలేదు, ‘ఈ వలయంలో ఎక్కడో ఉన్నావు’ అంటోంది అంతే.

ఇక మిగిలింది ఉపగ్రహాలను లేపడం. పైన్‌ఫోన్ వెనక మూత తీస్తే గోరంత స్విచ్చులు ఆరు వరసగా ఉంటాయి. మొదటిది మోడెముది. అది ఆపితే టవరూ జీపీఎస్సూ రెండూ పోతాయి, ఎందుకంటే రెండూ ఒకే ముక్కలో ఉన్నాయి. మా వాడికి కాల్స్ వస్తున్నాయి కాబట్టి మూత తీయాల్సిన పనే లేదు. సెట్టింగుల్లో లొకేషన్ ఆన్‌లో ఉంది, మ్యాపుకు అనుమతీ ఉంది. మరి చుక్క ఎందుకు రాదు?

వాడు రేకుల షెడ్డు కింద కూర్చుని రెండు నిమిషాలు చూసి విసిగిపోయేవాడు. జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. తామెక్కడున్నదీ సెకనుకు 50 బిట్ల వేగంతో చెప్తాయి, చదువు నేర్చుకునే పిల్లవాడు కూడబలుక్కున్నంత మెల్లగా. ఒక ఉపగ్రహం తన దారి వివరం చెప్పడానికి 30 సెకన్ల విడత ఒకటి కావాలి, మధ్యలో సిగ్నల్ తెగితే ఆ ముక్క కోసం మళ్ళీ వచ్చే విడత దాకా ఆగాలి. అన్ని ఉపగ్రహాల మొత్తం పట్టిక వినడానికి పన్నెండున్నర నిమిషాలు. చోటు తేల్చడానికి కనీసం నాలుగు ఉపగ్రహాలు వినిపించాలి. మామూలు ఫోన్లు ఈ వివరాలను ఇంటర్నెట్ నుంచి ముందే దింపుకుంటాయి, అందుకే వాటిలో చుక్క రెప్పపాటున పడుతుంది. ఆ సాయం అందకపోతే ఫోను నేరుగా ఆకాశాన్నే వినాలి.

“డాబా మీద పిట్టగోడ పక్కన, తెర పైకి పెట్టి వదిలెయ్. ఇరవై నిమిషాలు ముట్టకు. తెర ఆరిపోకుండా మాత్రం చూడు” అన్నాను. ఫోన్ లైనులోనే ఉన్నాడు, వేరే ఫోనులో. పదిహేడో నిమిషంలో “మామా, వలయం సన్నగైతుంది” అన్నాడు. ఇంకాసేపటికి అది వాడి ఇంటి వాకిలంత అయింది. ఆ మర్నాడు సంగమం దగ్గర చూస్తే చుక్క ఇవతలి మెట్ల మీదే నిలబడింది. అక్కడ తేలడానికి అరనిమిషం పట్టింది.

ఈ మోడెం అమెరికా జీపీఎస్‌నే కాక రష్యా గ్లోనాస్‌నూ, యూరప్ గెలీలియోనూ, చైనా బైదూనూ వింటుంది. మన శ్రీహరికోట నుంచి 2013 జులై 1న మొదటి ఉపగ్రహం ఎగిరిన నావిక్‌ను మాత్రం వినదు. సూళ్ళూరుపేట పక్కనుంచి లేచినదాన్ని వాడపల్లిలో వినలేకపోవడం నాకు బాధే.

ఇప్పుడు కబుర్ల సంగతి. లొకేషన్‌లో ఫోను అడుగుతుంది, ఇక్కడ ఫోనును పిలుస్తారు. పిలిచినప్పుడు అది మెలకువగా ఉందా అన్నదే ప్రశ్న. దీనికి వాడిచేత ఒక చిన్న పరీక్ష చేయించాను. తెర ఆర్పి పది నిమిషాలు పక్కన పెట్టమన్నాను. ఈలోపు నేను వాట్సాప్‌లో ఒక మెసేజి, మామూలు ఎస్సెమ్మెస్ ఒకటి పంపి, ఆ తర్వాత కాల్ చేశాను. ఎస్సెమ్మెస్ వెంటనే మోగింది. కాల్ మోగింది. వాట్సాప్ మోగలేదు. వాడు వాట్సాప్ తెరిచాక ఆగి ఉన్నవన్నీ జలజలా రాలాయి.

తెరిచినప్పుడు అన్నీ ఒక్కసారే రాలితే అది నిద్ర. పైన్‌ఫోన్ బ్యాటరీ కాపాడుకోవడానికి గాఢనిద్రలోకి పోతుంది, మోడెం ఒక్కటే కాపలా ఉంటుంది. కాల్, ఎస్సెమ్మెస్ వస్తే అది ఫోనును తట్టి లేపుతుంది. ఇంటర్నెట్ మీద వచ్చే మెసేజికి తట్టడం దానికి తెలియదు. పైగా లైనక్స్ ఫోన్లకు వాట్సాప్ సొంత యాప్ లేదు. వేడ్రాయిడ్ అనే పెట్టెలో ఆండ్రాయిడ్‌ను నడిపి, అందులో వాట్సాప్ పెట్టుకోవాలి. తెర ఆరితే ఆ పెట్టె కూడా గడ్డకట్టుకుపోతుంది. నిద్రలో ఇంకో నిద్ర. మా వాడు ఇదివరకు ఫోను తనంతట తాను నిద్రపోయే ఆటోమేటిక్ సస్పెండ్‌ను ఆపేసి, వేడ్రాయిడ్‌నూ ఆగకుండా ఉంచుకుని, ఫోనును రోజంతా ట్రాక్టరు ఛార్జరుకు తగిలించేవాడు. కొత్త వెర్షన్‌లో ఆ సెట్టింగులు తిరిగి మొదటికొచ్చాయి.

లేపినా మెసేజి రాకపోతే కారణం వేరే. అలాంటప్పుడు ముందు ఫోను తేదీ చూడండి. బ్యాటరీ పూర్తిగా అయిపోయి లేచిన ఫోను ఒక్కోసారి పాత తేదీతో లేస్తుంది, అప్పుడు సర్వర్ల భద్రతా సర్టిఫికెట్లు దానికి చెల్లనివిగా కనిపించి అన్ని తలుపులూ మూసుకుంటుంది. కబురు పైన పట్టీలో కనిపిస్తూ చప్పుడు మాత్రం రాకపోతే, తెరను పైనుంచి లాగితే కనిపించే గంట గుర్తు మౌనంలో ఉందేమో చూడాలి. ఇది చాలామంది మరిచిపోయే చోటు.

మా వాడికి నేను సస్పెండ్ మళ్ళీ ఆపేయమని చెప్పలేదు. ఆపేస్తే ఛార్జరు లేనప్పుడు బ్యాటరీ పూట కూడా నిలవదు, పొలంలో అది ఇంకా పెద్ద బాధ. మోడెం దేనికి ఫోనును లేపుతుందో పరీక్షలో తేలింది కదా, ఆ దారినే వాడుకోమన్నాను. వాడు మిల్లుకు పోయి గుమాస్తాను అడిగాడు: “అన్నా, మెసేజి పెట్టినంక ఒక్క మిస్స్‌డ్ కాల్ గూడ ఇయ్యి, నేను వాట్సాప్ తెరిచి సూస్కుంట.” ఆయన ఒప్పుకున్నాడు. తర్వాతి విడత వడ్లకు పొద్దున ఏడుంబావుకు ఒక రింగు వచ్చి ఆగింది. ఏడున్నరకల్లా ట్రాక్టరు మిర్యాలగూడ దారిలో దామరచర్ల దాటింది.